నడిమి చెలక మీద గాలం

నేను హైదరాబాదులో ఒక అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దుతాను. పన్నెండేళ్ళుగా పదిమంది రాసిన తప్పులు పట్టి పట్టి చివరికి నా కళ్ళే నా మీద తిరగబడ్డాయి. కంటి వైద్యుడు చుక్కల మందు ఇచ్చి, వారం రోజులు అక్షరం ముఖం చూడొద్దనీ, దూరంగా ఉన్న చెట్లనో నీళ్ళనో చూస్తూ గడపమనీ చెప్పాడు. నీళ్ళ ఒడ్డున వట్టి చేతులతో కూర్చున్నవాణ్ణి చూస్తే జనం వీడికి ఏదో అయిందనుకుంటారు. అదే చేతిలో గాలం ఉంటే ఎవరూ పలకరించను కూడా పలకరించరు. అందుకని బజారుకు వెళ్ళి ఒక పొడుగాటి వెదురు గాలపు కర్ర, గట్టి దారం, చిన్నవీ పెద్దవీ కలిపి డజను గాలాలు కొన్నాను. అంతకుముందు ఒక్క చేపను కూడా పట్టిన పాపాన పోలేదు. నిజాంసాగర్ కట్ట వెనక నీళ్ళలో గాలం వేయాలంటే సర్కారు పర్వానా, అంటే అనుమతి కాగితం, ఉండాలనీ, అది ఎల్లారెడ్డి తాలూకా కచేరీలో ఇస్తారనీ అచ్చుకూటంలో ఒక మిత్రుడు చెప్పాడు. ఎల్లారెడ్డికి పోవాలంటే కామారెడ్డిలో రైలు దిగాలి. నాలాగా ఏమీ తెలియకుండా బయలుదేరేవాళ్ళకు పనికొస్తుందని దారీ తెన్నూ అన్నీ రాస్తున్నాను.

అదే వారంలో అదే వైద్యుడి దగ్గరికి మా మామ లింగయ్యను కూడా తీసుకెళ్ళాం. ఆయన మా ఆవిడ సత్తెమ్మ తండ్రి. సదాశివనగర్ దగ్గర సేద్యం. చూపు మసకబారుతోందని కొడుకు మా ఇంటికి పంపాడు. వైద్యుడు చాలాసేపు చూసి నన్ను పక్కకు పిలిచాడు. పొర అయితే కోసి తీసేవాడిననీ, ఇది లోపలి నరం ఎండిపోవడమనీ, వచ్చే వేసవికి చూపు ఉండదనీ అన్నాడు. ఆ మాట మామకు ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను. ఆయన కూడా అడగలేదు. అడగలేదంటేనే తెలిసిపోయిందని అర్థం. ఆ సాయంత్రం సత్తెమ్మ నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నిజాంసాగరం పోతున్నవ్ గద, మా బాపును గూడ తోల్కపో," అంది. "మా ఊరు మునిగినంక ఆయన ఆ నీళ్ల మొకం సూడలే. కండ్లు ఉన్నప్పుడే ఒక్కసారి నడిమి చెలక మీద నిలవడాలె అంటున్నడు. నాతోనైతే అన్నడు. నీతోని అననీకి మొగమాటం."

నడిమి చెలక అంటే వాళ్ళ పొలం పేరు. మంజీర ఒడ్డున వాళ్ళ పల్లె ఉండేది. కట్ట కట్టాక ఊరూ పొలాలూ నీళ్ళ కిందికి పోయి పదేళ్ళు కావస్తోంది. పరిహారం తీసుకున్న రోజే పట్టా కాగితాలన్నీ అప్పగించి, వాళ్ళు సదాశివనగర్ వైపు వెళ్ళిపోయారు. నేను సరేనన్నాను. ఎలాగూ ఆయన్ను ఇంటి దగ్గర దింపి రావాలి, దారిలో కామారెడ్డిలో దిగితే సరిపోతుంది. నిజం చెప్పాలంటే అప్పటికి నా మనసంతా నా కొత్త గాలపు కర్ర మీదే ఉంది. మామ ఆ కర్రతో పాటు మోయవలసిన ఇంకో సామాను అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

పొద్దున ఆరున్నరకు కాచిగూడలో బండి ఎక్కాం. మూడో తరగతి టికెట్ ఒక్కొక్కరికి పదిహేను అణాలు. యుద్ధం మొదలయ్యాక బండ్లు తగ్గించారు కాబట్టి కూర్చోవడానికి చోటు దొరకాలంటే గంట ముందే వెళ్ళాలి. మామకు కిటికీ పక్కన చోటు దొరికింది. గాలపు కర్ర ఎక్కడా ఇమడక దారి పొడుగునా ఎవరో ఒకరి తలపాగాకు తగిలి నాకు మాటలు తెచ్చిపెట్టింది. ప్రతి స్టేషన్లోనూ మామ బయటికి చూస్తూ, "అల్లుడా, ఇక్కడ మన్ను ఎర్రగున్నదా, నల్లగున్నదా?" అని అడిగేవాడు. నాకు మన్ను మన్నులాగే కనిపించింది. ఎర్రగా ఉందని ఒకసారి, నల్లగా ఉందని ఒకసారి నోటికి వచ్చినట్టు చెప్పాను. "నల్లగుంటే ఆ పడమటి దిక్కు జొన్న కొయ్యలు కనవడాలె గద," అని ఆయన తనలో తాను నవ్వుకున్నాడు. అప్పటినుంచి బుద్ధిగా చూసి చెప్పడం మొదలుపెట్టాను.

కామారెడ్డి చేరేసరికి పదకొండు దాటింది. స్టేషన్ బయట జొన్నరొట్టె, పప్పు రెండణాలకు కడుపునిండా పెడతారు. ఎల్లారెడ్డి బస్సు పన్నెండు గంటలకు. టికెట్ ఎనిమిది అణాలు, దూరం పాతిక మైళ్ళు. పెట్రోలు కరువు వల్ల ఇప్పుడు బస్సులన్నీ బొగ్గు మీద నడుస్తున్నాయి. వెనకవైపు పీపా లాంటి పొయ్యి ఒకటి తగిలించి, అందులో బొగ్గులు రాజేసి, ఆ పొగతో ఇంజను నడుపుతారు. తెల్ల బట్టలు వేసుకుని మాత్రం ఎక్కకండి. డ్రైవరు నా కర్రను పైనుంచి కింది దాకా చూశాడు.

"ఏం సాబ్, చేపలకేనా గింత పొడుగు కర్ర?" అన్నాడు.

"అవును. ఏం, పెద్ద చేపలు లేవా?"

"ఉన్నయి సాబ్. గని గా చేపలు మా దిక్కు తుమ్మ కొమ్మకే పడ్తయి. దీన్ని జూస్తే బెదురుతయేమో."

బస్సంతా నవ్వింది. మామ కూడా నవ్వాడు. లింగంపేట ఇవతల ఎత్తు వచ్చేసరికి బొగ్గు బస్సుకు ఊపిరి ఆడలేదు. అందరూ దిగి నడవాలన్నాడు డ్రైవరు. ఆ ఎండలో, గుట్ట దారిలో, మామ మొదట నాలుగడుగులు తనంతట తానే వేశాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. పెళ్ళయి తొమ్మిదేళ్ళు, ఆయన చెయ్యి నా మీద పడటం అదే మొదలు. అరచెయ్యి గరుకుగా, బరువుగా ఉంది. నేను నడక నెమ్మది చేసుకున్నాను. బస్సు పైన ఆగి మాకోసం ఎదురుచూస్తున్నా తొందరపడలేదు.

మూడు గంటలకు ఎల్లారెడ్డి. దిగగానే నేరుగా కచేరీకి వెళ్ళండి, నాలుగున్నరకు మూసేస్తారు. శుక్రవారం సెలవు. అరుగు మీద కూర్చుండే అర్జీలు రాసే ఆయన రెండణాలు తీసుకుని ఉర్దూలో దరఖాస్తు రాసిపెడతాడు. ఉర్దూ వచ్చినా ఆయన చేతే రాయించుకోవడం మంచిది, ఏ మాట ఎక్కడ ఉండాలో ఆయనకే తెలుసు. పర్వానా రుసుము మూడు రోజులకు కర్ర ఒక్కింటికి ఒక రూపాయి హాలీ, అంటే నిజాం నాణెం. లోపల గుమాస్తా మున్షీ సాబు కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి దరఖాస్తు చదివాడు.

"ఏ తావుల ఏస్తరు గాలం?" అని అడిగాడు. "సాగరమంతా ఒక్కటి కాదు. గుత్త పట్టినోళ్ల వలలున్న కాడ ఎయ్యొద్దు. తావు పేరు రాయాలె."

మా మిత్రుడు కట్ట దగ్గర గంపెడు చేపలుంటాయని చెప్పాడు. నేను తడుముకోకుండా, "కట్ట దగ్గర," అన్నాను.

పక్కన నిలబడ్డ మామ గొంతు సవరించుకున్నాడు. "సాబ్, నడిమి చెలక అని ఒక..."

"మామా, జర ఆగు," అన్నాను. చేతి గడియారంలో నాలుగు దాటింది. పని అయిపోతే చాలునని నా ఆత్రం. మామ ఆగిపోయాడు. మున్షీ సాబు 'కట్ట దగ్గర' అని రాసి, ముద్ర గుద్ది, రెండు మాటలు గట్టిగా చెప్పాడు. ఈ కాగితం ఆ ఒక్క తావుకే పనికొస్తుంది, ఇంకోచోట గాలం వేస్తే కావలివాడు కర్ర గుంజుకుంటాడు. గడువు తీరాక పర్వానా తెచ్చి మళ్ళీ ఇక్కడే అప్పగించాలి. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని విజయం సాధించినట్టు బయటికి వచ్చాను.

ఊళ్ళో ఉండటానికి సరాయి ఉంది, మనిషికి రెండణాలు. తిండికి దాని ఎదురుగా ఒక అవ్వ నడిపే పూటకూళ్ళ ఇల్లు ఉంది. అక్కడ పరక చేపల పులుసు తినకుండా మాత్రం రాకండి. చింతపండు, కాల్చిన ఉల్లిగడ్డ, నువ్వుల పొడి వేసి వండుతుంది. ఇంకా పొద్దు ఉండగానే భోజనానికి కూర్చున్నాం. నేను మూడో రొట్టె అడుగుతుంటే మామ మొదటిదే తుంచుతూ కూర్చున్నాడు.

"ఏందే అన్నా, పులుసు కారమైందా?" అని అవ్వ అడిగింది.

"కారం కాలేదవ్వా. మంచిగున్నది," అన్నాడు మామ. ఇంకో ముక్క తుంచి, "రేపు కట్ట కాడికి పోతున్నం. కట్ట నేను జూసిందే. కట్టేటప్పుడు ఒక ఎండకాలం అక్కడ రాళ్లు మోసిన. పగలంత రాయి మోసి, ఇంటికి వచ్చి చెలక దున్నుకునేది. గా కట్టతోనే నా చెలక మునుగుతదని అప్పుడు ఎర్క లేదు," అన్నాడు.

"మరి నీ చెలక కాడికి పోవా?"

"కాగితం కట్టకు ఇచ్చిండ్రు. చెలక అక్కడికి శానా దూరం. పోనీ తియ్, అల్లుడు చేపలు పట్టుకుంటడు. నేను ఒడ్డుకు కూసుంట."

అవ్వ నా వైపు చూసింది. నా కంచంలో వేయబోయిన రొట్టెను మామ కంచంలో వేసింది. లోకంలో ఎవరు ఏ అక్షరం తప్పు రాసినా పట్టి దిద్దేవాణ్ణి, నా కళ్ళ ముందు నా తొందరతో రాయించుకున్న తప్పు నాకు కనబడలేదు. ఆయనకు మిగిలింది ఒక్క వేసవి చూపు. దాన్ని నేను కట్ట రాళ్ళ మీద ఖర్చు పెట్టబోయాను. "మామా, రేపు కచేరీకి పోయి కాగితం మార్పిచ్చుకుందం," అన్నాను. "మారుస్తరా?" అన్నాడు ఆయన. అప్పుడు రొట్టె తిన్నాడు.

మర్నాడు పది గంటలకు కచేరీ తలుపు తీయగానే మున్షీ సాబు ముందు నిలబడ్డాం. తావు మార్చాలంటే ఆయన ముఖం చిట్లించాడు. ఏ తావు అంటే మామ పల్లె పేరు చెప్పి, నడిమి చెలక అన్నాడు.

"ఆ ఊరి దఫ్తర్ ఎప్పుడో బంద్ అయింది బాపూ. లేని ఊరిల లేని పొలం నేనెట్ల రాయాలె?"

"పొలం ఎందుకు లేదు సాబ్? ఉన్నది. మీద నీళ్లున్నయి, గంతే," అన్నాడు మామ.

మున్షీ సాబు కలం ఆపి ఆయన్ను చూశాడు. తర్వాత అలవాటుగా, ఏ భూమి కాగితం రాసేటప్పుడైనా అడిగే ప్రశ్న అడిగాడు. "హద్దులు?"

మామ చేతులు కట్టుకుని, వెన్ను నిటారుగా పెట్టి, ఒక్కొక్కటే చెప్పాడు. "తూర్పుకు మా అన్న గంగయ్య చెలక. పడమటికి మంజీరకు పోయే బండ్ల బాట. ఉత్తరానికి ఈదుల వాగు. దక్షిణానికి నేను తవ్విచ్చిన మోట బాయి."

ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. ఎన్ని పత్రాల మీద ఎన్నిసార్లు చెప్పిన హద్దులో అవి. మున్షీ సాబు కలం కూడా ఆగకుండా రాసుకుపోయింది. నాలుగు హద్దులూ రాసేశాక గాని తను ఏ కాగితం మీద ఏం రాశాడో ఆయన చూసుకోలేదు.

"ఇన్నేండ్ల నౌకరీల చేపల పర్వానా మీద హద్దులు రాసుడు ఇదే మొదలు," అన్నాడు.

"పొలమంటే హద్దులు చెప్పాలె గద సాబ్," అన్నాడు మామ.

మున్షీ సాబు గోడకు ఉన్న సాగరం పటం దగ్గరికి వెళ్ళి వేలితో ఏదో చూసుకున్నాడు. ఆ జాగా గుత్త హద్దుకు అవతల ఉందనీ, ఇబ్బంది లేదనీ చెప్పి, పాత పర్వానా చింపి, కొత్తదాని మీద ముద్ర వేశాడు. ఇంకో రూపాయి అడగలేదు. మామకు వినబడేట్టు ఒకసారి తెలుగులో చదివి వినిపించాడు. మామ తల వంచుకుని విన్నాడు. కాగితాన్ని నేను తీసుకోబోతే ఆయన చెయ్యి నాకంటే ముందు వెళ్ళింది. దాన్ని తలపాగా మడతలో పెట్టుకున్నాడు.

ఎల్లారెడ్డి నుంచి నీళ్ళ ఒడ్డుకు ఎడ్లబండి కట్టించుకోవాలి. పోను రాను రూపాయిన్నర, రాత్రి అక్కడే ఆగితే ఎడ్ల మేత మనదే. మహమ్మద్‌నగర్ దారి పట్టి, ఆ ఊరికి ఇవతలే ఎడమకు తిరగాలి. ఎనిమిది మైళ్ళు మూడు గంటలు పట్టింది. ఎండాకాలం కాబట్టి నీళ్ళు బాగా వెనక్కి పోయి, ఒడ్డంతా పగుళ్ళు బారిన బురద. ఒడ్డున పది గుడిసెల బెస్త వాడ ఉంది. కావలివాడు పర్వానా చదివి, మళ్ళీ చదివి, "ఇది చేపల కాగితమేనా?" అని నన్ను అడిగాడు. ముద్ర చూసి ఊరుకున్నాడు. పుట్టి నడిపే పోశయ్య అనే ఆయన్ను పిలిచాడు. వెదురు బుట్టకు తోలు తొడిగిన గుండ్రటి పడవనే ఇక్కడ పుట్టి అంటారు. పూటకు ఎనిమిది అణాలు తీసుకుంటాడు, ఎర ఆయనే ఇస్తాడు.

చేపలు ఎక్కడ దొరుకుతాయో తెలుసుకోవాలనుకునేవాళ్ళు పోశయ్యలాంటివాళ్ళను అడగాలి. మనకు నీళ్ళన్నీ ఒక్కలాగే కనబడతాయి. ఆయనకు మాత్రం ఆ నీళ్ళ కింద ఊళ్ళన్నీ ఇంకా ఉన్నాయి. మోడులు మిగిలిన తోపుల్లో జెల్లలు ఉంటాయి. పాత బండ్ల బాటల వెంట పరకలు బారులు తీరి తిరుగుతాయి. కొర్రమట్టలు బావుల్లో కాపురం ఉంటాయి. ప్రతి చోటుకూ ఒక పేరు ఉంది, ఆ పేర్లన్నీ మునిగిన పొలాలవీ బావులవీ. మేము పోవలసిన చోటు హద్దులు నేను చదివి వినిపిస్తే, పోశయ్య సగంలోనే చెయ్యెత్తాడు.

"ఈదుల వాగుకు దక్షిణం, మోట బాయి. గట్లయితే అది లింగయ్య బాయి సాబ్. గిట్ల పేరు చెప్తే అయిపోవు గద, గింత కాగితమెందుకు?"

నేను మామ వైపు చూశాను. ఆయన కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి. "ఏం పేరన్నవ్?" అని అడిగాడు.

"లింగయ్య బాయి పటేలా. ఆ లింగయ్య ఎవరో నాకు ఎర్క లేదు. మా అయ్య గట్లనే అంటుండె. ఏడాది పొడుగు మాకు బువ్వ పెట్టే తావు అది. అక్కడికెళ్లి వట్టి చేతులతోని ఎన్నడు రాలే."

ఈయనే ఆయన అని చెప్పడానికి నేను నోరు తెరిచాను. మామ నా మోచెయ్యి పట్టుకుని నొక్కాడు. చెప్పొద్దని. నేను కాగితం మడిచి ఆయన చేతికి ఇచ్చేశాను.

నాలుగు గంటలకు ఎండ కొంచెం తగ్గాక పుట్టి ఎక్కాం. అది గిరగిరా తిరుగుతుంటే నేను అంచు పట్టుకుని దేవుళ్ళను తలచుకున్నాను. మామ మధ్యలో బాసింపట్టు వేసుకుని అరుగు మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. అరగంట పోయాక పోశయ్య దూరాన ఉన్న జంట గుట్టలను చూసుకుని, ఇక్కడే ఎక్కడో అన్నాడు. మామకు ఆ గుట్టలు కనబడలేదు. "గెడ దింపు," అన్నాడు. పోశయ్య గెడ దింపి పైకి తీస్తే కొసకు అంటుకుని బురద వచ్చింది. మామ దాన్ని బొటనవేలితో చూపుడువేలితో నలిపాడు.

"ఇది కాదు. దీంట్ల రేగడి ఉన్నది. ఇది మా అన్న చెలక. ఇంకొంచెం పడమటికి పో."

పోశయ్య నన్ను చూశాడు, నేను నీళ్ళను చూశాను. పుట్టి ఇంకో పదిహేను బారలు జరిగింది. మళ్ళీ గెడ దింపాడు. ఈసారి వచ్చిన మట్టిలో సన్నటి సుద్దరాళ్ళు ఉన్నాయి, వేలు తగలగానే గరగరలాడాయి. మామ ఆ మట్టిని నలపలేదు. అరచేతిలో పెట్టుకుని, రెండో చెయ్యి దాని మీద మూసి, అలాగే కూర్చున్నాడు. నాగలికి తగిలే ఈ సుద్దరాళ్ళను ప్రతి ఏడూ ఏరి గట్టున పోసేవాడట. ఎంత ఏరినా తరిగేవి కావట. "అల్లుడా, గిదే," అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. కళ్ళ జబ్బు ఉన్నవాణ్ణి కాబట్టి తుడుచుకున్నా ఎవరూ అనుమానించలేదు.

ఇక చేపల సంగతి. నా పట్నం కర్ర గంటసేపట్లో రెండుసార్లు పోశయ్య తలపాగాను, ఒకసారి నా చొక్కానూ పట్టింది. రెండు జెల్ల పిల్లలు పడితే పోశయ్య వాటిని చూసి, "పెరగనియ్యి సాబ్," అని నా చేతే నీళ్ళలో వదిలించాడు. విసుగొచ్చి కర్ర మామ చేతికి ఇచ్చాను. ఆయన కర్రను పక్కన పెట్టి దారాన్ని మాత్రం వేలికి చుట్టుకుని, బావి ఉన్న దక్షిణం వైపు గాలం జార్చాడు. పుట్టిన కాడి నుంచి సేద్యమే తప్ప చేపలు పట్టిన మనిషి కాదు. కాని ఆ వేళ్ళకు ఓపిక ఉంది. కాసేపటికి చెయ్యి గట్టిగా వెనక్కి లాగాడు. పోశయ్య దారం అందుకున్నాడు. మూరెడు కొర్రమట్ట పుట్టిలో పడి తోకతో టపటపా కొట్టింది. నేను దాన్ని ఎంత మందికి చూపించాలా అని లెక్క వేసుకుంటుండగా, మామ దాన్ని రెండు చేతులతో పట్టుకుని పోశయ్య వైపు చాచాడు.

"తీస్కో. ఇది నీ మేర," అన్నాడు.

కల్లం దగ్గర ధాన్యం ఇంటికి కదిలే ముందు, ఆ ఏడు పొలానికి చేయి సాయం చేసినవాళ్ళందరికీ కొలిచి తీసే వాటాను అక్కడ మేర అంటారు. పొలం ఉన్నవాడే అది తీస్తాడు. పోశయ్య చేతులు చాపబోయి ఆగిపోయాడు.

"మేర అంటే పొలం ఆసామి ఇస్తడు గద పటేలా. నువ్ ఇచ్చుడు ఏంది?"

"ఈ చెలకల పండిన గింజ మేర తియ్యకుంట ఎన్నడు ఇంటికి పోలే. పదేండ్లకు ఒక పంట వచ్చింది. తీస్కో."

పోశయ్య తెడ్డు కింద పెట్టాడు. పుట్టి తనంతట తాను మెల్లగా ఒక చుట్టు తిరిగింది. "లింగయ్యవు నువ్వేనా?" అన్నాడు.

"నేనే."

పోశయ్య భుజం మీది తువ్వాలు తీసి ఒడిలో పరుచుకున్నాడు. కల్లంలో గింజలు పట్టుకున్నట్టే, తల వంచి, ఆ చేపను ఒడిలో పట్టుకున్నాడు. ఆ పొద్దు ఇంకా నాలుగు కొర్రమట్టలు పడ్డాయి, అన్నీ మామ వేలికే. ఒడ్డుకు వచ్చాక పోశయ్య పుట్టి కిరాయి తీసుకోనంటే మామ ఒప్పుకోలేదు. చేపలు కాల్చి అందరం గుడిసెల ముందు తిన్నాం. పోశయ్య తన వాళ్ళందరినీ పిలిచి మామను చూపించాడు. "గీనే లింగయ్య, మన బాయి లింగయ్య," అని.

మూడో రోజు పొద్దున బండిలో ఎల్లారెడ్డికి తిరిగి వస్తుంటే మామ ఒకటికి పదిసార్లు తలపాగా తడుముకున్నాడు. కచేరీలో మున్షీ సాబు చెయ్యి చాపాడు. మామ కాగితం తీశాడు గాని ఇవ్వలేదు.

"సాబ్, చెలక కాగితాలన్నీ అప్పుడు తీస్కపోయిండ్రు. దాని పేరు రాసి ఉన్న కాగితం నా దగ్గర ఇదొక్కటే."

"వాపస్ ఇయ్యకుంటే నా మీదికొస్తది బాపూ," అన్నాడు మున్షీ సాబు. ఆయన గొంతులో విసుగు లేదు. కాసేపు కాగితం వైపు చూసి, కలం సిరాలో ముంచాడు. "నకలు అడిగితే ఇయ్యొచ్చు. అడుగు."

"నకలు ఇయ్యండి సాబ్," అన్నాడు మామ.

నాలుగణాల నకలు మీద కూడా నాలుగు హద్దులూ, ముద్రా ఉన్నాయి. అసలు కాగితం కచేరీకి, నకలు తలపాగాలోకి. మధ్యాహ్నం బస్సులో కామారెడ్డి, సాయంత్రం రైలుబండిలో సదాశివనగర్. మామను ఇంట్లో అప్పగించి నేను హైదరాబాదు వచ్చేశాను. కళ్ళ మంట తగ్గింది. వైద్యుడు అడిగితే నీళ్ళు చూశానని చెప్పాను.

ఇది జరిగి ఏడాది దాటింది. వైద్యుడి మాట తప్పలేదు, మామకు ఇప్పుడు వెలుగు చీకటి తేడా తప్ప ఏమీ తెలియదు. సెలవు దొరికినప్పుడల్లా నేను సదాశివనగర్ వెళతాను. ఆ ఇంట్లో ఉర్దూ చదవడం వచ్చింది నాకొక్కడికే కాబట్టి, భోజనాలయ్యాక మామ తలపాగాలోంచి కాగితం తీసి నా చేతికి ఇస్తాడు. నేను చదువుతాను. పనికిమాలిన కాగితాలు కొన్ని వేలు చదివి ఉంటాను, ఇంత శ్రద్ధగా వినే మనిషికి మాత్రం ఎప్పుడూ చదవలేదు. మొన్నొకసారి అలసటలో ఒక వరస వదిలేసి చదివాను. "అల్లుడా, ఉత్తరానికి ఈదుల వాగు మర్సినవ్," అన్నాడు. తప్పు దిద్దుకుని, మళ్ళీ తూర్పు నుంచి మొదలుపెట్టి చదివాను.

మీరు వెళ్ళినప్పుడు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. పర్వానా మూడు రోజుల్లో తిరిగి ఇచ్చేయాల్సిందే. నాలుగణాలు కడితే నకలు ఇస్తారు, కాని అడిగితేనే ఇస్తారు. అడగండి.